తప్పు ఒప్పుకొంటే శిక్ష తగ్గుతుందా?

తెలుగు భాషలో ఒక చమత్కారం ఉన్నది. తప్పుకు ఎదురుమాట ఒప్పు. కాని తప్పు చేసినవాడు చేయవలసిన మంచిపని ఏమిటని అడిగితే, "తప్పు ఒప్పుకోవటం" అంటాము. తప్పును ఒప్పు చేయటం కాదిది. తప్పు తనదేనని తల వంచటం. ఇంట్లో తల్లులు పిల్లలకు నేర్పేదీ, బళ్లో పంతుళ్లు చెప్పేదీ ఇదే. ఒప్పుకొన్నవాడి మీద జాలి పుడుతుంది. బుకాయించినవాడి మీద కోపం వస్తుంది. కోర్టులో కూడా ఇదే పద్ధతి నడుస్తుందని మనలో చాలామంది నమ్మకం. "ఒప్పేసుకో నాయనా, జరిమానాతో పోతుంది" అనే సలహా మా గాంధీనగర్ లోనూ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వీధుల్లోనూ ఎవరిని కదిపినా ఉచితంగా దొరుకుతుంది. ఇచ్చేవారు పెద్దవారు, మంచివారు. కాని ఆ సలహాలో సగమే నిజం. మిగిలిన సగం కోర్టు మెట్లు దిగి వచ్చిన తరువాత తెలుస్తుంది. ఆ సగం పేరు అప్పీలు.

కింది కోర్టులో ఏమైనా పై కోర్టు ఉన్నది గదా అని మన ధైర్యం. మామూలు కేసులో ఆ ధైర్యం న్యాయమైనదే. పై కోర్టుకు వెళ్లినవాడు రెండు ప్రశ్నలు వేయవచ్చు. అసలు నేను ఈ నేరం చేసినట్లు రుజువైనదా? ఇది మొదటిది. రుజువైనా ఇంత శిక్ష తగునా? ఇది రెండవది. నేరం ఒప్పుకొన్నవాడికి మొదటి ప్రశ్న మూతపడుతుంది. రెండవది మాత్రమే మిగులుతుంది. శిక్ష హెచ్చుగా ఉన్నదనో, చట్టం అనుమతించని శిక్ష వేశారనో చెప్పుకోవచ్చు. అంతకు మించి, "నేను చేయలేదు మహాప్రభో" అంటే వినిపించుకొనే చెవి మామూలుగా ఉండదు. ఒప్పుకోలు మీద శిక్ష వేసినది సాక్షాత్తు హైకోర్టే అయితే ఆ రెండో ప్రశ్నకు కూడా అప్పీలు లేదు.

ఇది కొత్త నిబంధన కాదు. ఇంగ్లీషువారి కాలంలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ లో ఇది 412 వ సెక్షను. 1973 లో మనం రాసుకొన్న కోడ్ లో 375. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 416. అంకెలు మారినవి, అర్థం మారలేదు. ఒప్పుకొన్న సంగతిని మళ్లీ పై కోర్టులో తిరగదోడితే ఇక కేసులకు అంతు ఎక్కడ అనేది దీని వెనుక ఉన్న తర్కం. తర్కం బాగానే ఉన్నది. చిక్కంతా ఆ "ఒప్పుకోవటం" అనే మాటలో ఉన్నది.

నిజాము కాలంలో ఈ ఊళ్లో కోర్టు భాష ఉర్దూ. నేరం ఒప్పుకోవటాన్ని ఇక్బాల్ అనేవారు. మా పేటలో పాతకాలపు పెద్దలు ఇప్పటికీ "కబూల్ చేసుకొన్నాడు" అంటారు. ఇప్పుడు నాంపల్లిలో కాగితం మీదకు ఎక్కేది ఎక్కువగా ఇంగ్లీషు. ముద్దాయి చెప్పేది తెలుగో, దక్కనీ ఉర్దూవో. నోటికీ కాగితానికీ నడుమ ఒక అనువాదం జరుగుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు న్యాయశాస్త్రంలో అన్నిటికంటె రుచిగా తోచే భాగం ఇదే కాబట్టి పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

పిల్లవాడి చేతిలో గ్లాసు జారిందనుకోండి. "గ్లాసు పగిలింది" అంటాడు గాని, "పగలగొట్టాను" అనడు. వ్యాకరణంలో ఒకటి అకర్మక క్రియ, రెండవది సకర్మక క్రియ. పిల్లవాడికి వ్యాకరణం తెలియదు. తనను తాను కాపాడుకోవటం తెలుసు. పెద్దవాళ్లమూ ఇంతే. వీధి తగాదాలో "చెయ్యి తగిలింది" అన్నవాడూ, "చెయ్యి ఎత్తాను" అన్నవాడూ, "చెయ్యి చేసుకొన్నాను" అన్నవాడూ ఒకే సంగతి చెప్పటం లేదు. మొదటిది ప్రమాదం. రెండవది బెదిరింపు. మూడవదే కొట్టటం. "ఏదో అయిపోయిందండి, క్షమించండి" అన్నవాడు వీటిలో ఏదీ చెప్పలేదు. మన దేశంలో క్షమాపణ మర్యాద. చేయని తప్పుకు కూడా చెబుతాము. బస్సులో ఎవరో మన కాలు తొక్కితే మనమే "అయ్యో, సారీ అండి" అనే జాతి మనది. ఈ మూడు రకాల మాటలూ కాగితం మీద ఒకే వాక్యంగా, "ముద్దాయి నేరం ఒప్పుకొన్నాడు" అని మారిపోతే ఏమవుతుంది? అప్పీలులో మొదటి ప్రశ్న వేసే హక్కు ఆ ఒక్క వాక్యంతో పోతుంది.

చట్టం ఈ ప్రమాదాన్ని ఊహించకపోలేదు. చిన్న కేసుల్లో ముద్దాయి ఒప్పుకోలును సాధ్యమైనంతవరకు అతడు వాడిన మాటల్లోనే రాయాలని నిబంధన ఉన్నది. అది అలంకారం కోసం పెట్టినది కాదనీ, తప్పనిసరిగా పాటించవలసినదనీ 1960ల నడుమ మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఒక మద్యనిషేధ చట్టపు కేసులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. ఆ కారణం కూడా ఆలోచించదగినది. పై కోర్టు చూడగలిగేది ఆ మాటలనే. అతడు చెప్పిన మాటలకు నేరం అనే అర్థం వస్తుందా, రాదా అని తూచటానికి పై కోర్టు చేతిలో వేరే తక్కెడ లేదు. ఒప్పుకొన్నాడంటున్న సంగతులు నిజమనుకొన్నా అసలు నేరమే కాకపోతే, లేదా అతడికి అభియోగం అర్థం కాలేదని తేలితే, అది ఒప్పుకోలే కాదని కోర్టులు అనేకసార్లు అన్నవి. అప్పుడు మూసిన తలుపు తెరుచుకొంటుంది.

పెద్ద నేరాల్లో మరొక కట్టుబాటు ఉన్నది. సెషన్సు కోర్టులో ముద్దాయి ఒప్పుకొన్నా జడ్జీ వెంటనే శిక్ష వేసి తీరాలని చట్టం అనలేదు, వేయవచ్చు అన్నది. ఆ "వచ్చు" చాలా విలువైన ప్రత్యయం. హత్య కేసులో ముద్దాయి లేచి "నేనే చంపాను" అన్నా, అనుభవజ్ఞులైన జడ్జీలు ఆ మాట పక్కన పెట్టి సాక్షులను విచారిస్తారు. చంపటం వేరు, హత్య వేరు. ఆత్మరక్షణ ఉండవచ్చు, మతిస్థిమితం లేకపోవచ్చు, ఇంకెవరినో కాపాడటానికి నెత్తిన వేసుకొని ఉండవచ్చు. తన మెడకు ఉరి బిగిసే సంగతిలో మనిషి చెప్పిన ఒక్క మాట మీద ఆధారపడకూడదన్నది పాత మద్రాసు, బొంబాయి హైకోర్టుల నాటి నుంచి వస్తున్న జాగ్రత్త.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒప్పుకొంటే శిక్ష తగ్గుతుందా?

ప్రతి ఇంట్లోనూ జరిగే ముచ్చట ఒకటి చెబుతాను. సాయంకాలం కిటికీ అద్దం పగిలింది. తల్లి పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, "నిజం చెప్పు, ఏమీ అనను" అన్నది. వాడు నమ్మి చెప్పాడు. తల్లి మాట ప్రకారం చిన్నగా మందలించి వదిలేసింది. రాత్రి తండ్రి ఆఫీసు నుంచి వచ్చాడు. సంగతి విన్నాడు. "మందలింపుతో సరిపోతుందా?" అని రెండు తగిలించాడు. పిల్లవాడు ఏడుస్తూ తల్లి వంక చూస్తాడు. ఆ చూపులో ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పటం ఏ తల్లికైనా కష్టం. అమ్మ మాట ఇవ్వకపోతే వాడు నోరు విప్పేవాడు కాదు గదా! అమ్మ తేలికగా వదిలిందని నాన్నకు అనిపించటమూ తప్పు కాదు. ఇద్దరి న్యాయమూ సరిగానే ఉన్నది, మధ్య నలిగింది వాడు.

సరిగ్గా ఇదే తగవు మన పొరుగున ఉన్న కర్ణాటక నుంచి సుప్రీం కోర్టుకు చేరింది. 1983 నాటి న్యాయ నివేదికల్లో అది అచ్చయింది. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ఒక ప్రాణం పోవటానికి కారణమైనాడని ఒక మనిషి మీద కేసు. ఒప్పుకొంటే తేలికగా పోతుందన్న భరోసా మీద అతడు మేజిస్ట్రేటు ఎదుట ఒప్పుకొన్నాడు. తేలికైన శిక్షే పడింది. ప్రభుత్వం ఊరుకోలేదు. ఇంత ఘోరానికి ఇంత చిన్న శిక్షా అని పై కోర్టుకు వెళ్లింది. పై కోర్టు శిక్ష పెంచింది. సుప్రీం కోర్టు ఏమన్నదంటే: తేలికగా వదులుతామని ఆశపెట్టి ఒప్పించి, ఆ తరువాత అప్పీలులోనో రివిజనులోనో శిక్ష పెంచటం రాజ్యాంగం 21 వ అధికరణం ఇచ్చిన రక్షణకు విరుద్ధం. అయితే పై కోర్టు చేతులు కట్టుకొని ఆ చిన్న శిక్షతో సరిపెట్టుకోవాలా? అక్కరలేదు. అట్లాంటప్పుడు ఒప్పుకోలు మీద వచ్చిన తీర్పునే రద్దు చేసి, కేసును తిరిగి కింది కోర్టుకు పంపాలి. ముద్దాయి కావాలంటే తన వాదన వినిపించుకొంటాడు. నేరం రుజువైతే తగిన శిక్ష అప్పుడు పడుతుంది. తండ్రి కొట్టదలచుకొంటే, తల్లి ఇచ్చిన మాటను ముందు వెనక్కు తీసుకొని, పిల్లవాడికి మొదటినుంచి చెప్పుకొనే అవకాశం ఇవ్వాలన్నమాట. నాకు తెలిసినంతలో ఇంతకంటె న్యాయమైన పరిష్కారం ఇళ్లలో కూడా జరగదు.

దానికి ముందు 1980 లో గుజరాత్ నుంచి వచ్చిన ఆహార కల్తీ కేసులో జస్టిస్ భగవతి ఇదే బాట వేశారు. అక్కడ కూడా ఒప్పుకోలు, చిన్న శిక్ష, హైకోర్టు పెంపుదల. చివరకు కేసు మళ్లీ మొదటికి. 1976 లో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక నూనె కల్తీ కేసులో తెరచాటు బేరాలను గట్టిగా దుయ్యబట్టారు. ఆయన కోపం వేరే వైపు నుంచి వచ్చింది. కల్తీ నూనె అమ్మిన వ్యాపారి "ఒప్పుకొన్నాను" అని చిన్న జరిమానా కట్టి దర్జాగా వెళ్లిపోతే, ఆ నూనె తిన్న జనం గతి ఏమిటి? బేరం జరిగిన గదిలో కొన్నవాడు లేడు గదా! ఈ రెండు దృష్టులూ మనసులో పెట్టుకోవాలి. ఒప్పుకోలు బేరంలో మోసపోయేది ఒకప్పుడు బీదవాడైన ముద్దాయి, ఒకప్పుడు అసలు కోర్టులోనే లేని బాధితుడు.

పై కోర్టు అంటే శిక్ష తగ్గించే చోటు అని మాత్రమే అనుకొనేవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి కథ గుర్తు చేసుకోవాలి. ఆయన ఒప్పుకొన్నందువల్ల కాదు, పై కోర్టు ఏమి చేయగలదో తెలియటానికి చెబుతున్నాను. 1908 లో బెజవాడ "స్వరాజ్య" పత్రికలో రాసిన రాతకు ఆయనపై రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు కొద్ది నెలల శిక్షతో సరిపెట్టింది. దొరతనం వారికి అది చాలలేదు. మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. శిక్ష మూడేళ్లయింది. గ్రంథాలయోద్యమంలోనూ, వయోజన విద్యలోనూ తరువాత ఆయన చేసిన సేవ తెలుగువారందరికీ తెలిసినదే.

ఈనాటి చట్టంలో ముద్దాయి తానై వేసుకొన్న అప్పీలులో అతడి శిక్షను పెంచకూడదు. అది మంచి రక్షణ. కాని శిక్ష చాలలేదని ప్రభుత్వం అప్పీలు చేయవచ్చు. హైకోర్టు రివిజనులో తానే చేపట్టవచ్చు. అప్పుడు పెరగవచ్చు. పెంచేముందు ముద్దాయికి నోటీసు ఇచ్చి అతడి మాట వినాలి. ప్రభుత్వం పెంచమని వచ్చినప్పుడు, తగ్గించమని మాత్రమే గాక, అసలు నిర్దోషినని వాదించుకొనే వీలు కూడా ముద్దాయికి చట్టం ఇస్తున్నది.

తెలిసి తెలిసి, కళ్లు తెరుచుకొని ఒప్పుకొన్నవారు లేకపోలేదు. మా పేట పేరే ఆయనది. 1922 మార్చి 18 న అహమ్మదాబాదులో జడ్జీ బ్రూమ్ ఫీల్డు ఎదుట మహాత్మాగాంధి నిలబడ్డారు. "యంగ్ ఇండియా"లో రాసిన మూడు వ్యాసాలకు రాజద్రోహం కేసు. ఆయన వెంటనే నేరం ఒప్పుకొన్నారు. ప్రభుత్వం తరపున వచ్చిన అడ్వకేటు జనరలు స్ట్రాంగ్ మన్, ఒప్పుకొన్నా సరే విచారణ పూర్తిగా జరపాలన్నాడు. జడ్జీ అంగీకరించలేదు; మిగిలింది శిక్ష ఎంత అన్నదే అన్నాడు. అందరూ తగ్గించమని వేడుకొనే చోట గాంధీగారు చట్టంలో ఉన్న పూర్తి శిక్ష వేయమన్నారు. లేదా ఈ చట్టం చెడ్డదని తోస్తే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వమన్నారు! జడ్జీ 1908 లో తిలక్ గారికి పడిన శిక్షను కొలబద్దగా తీసుకొని ఆరేళ్ల సాధారణ ఖైదు వేశాడు. ఒప్పుకోలుకు తగ్గింపూ లేదు, అప్పీలు ఆలోచనా లేదు. శస్త్రచికిత్స తరువాత 1924 ఫిబ్రవరిలో విడుదల చేశారు. శిక్ష తగ్గించుకోవటానికి గాక, శిక్షను పిలవటానికి ఒప్పుకొన్న మనిషి ఆయన. అంత గుండె మనకందరికీ ఉండదు, ఉండనక్కరలేదు.

మన ఊళ్లోనే జరిగిన మరొక సంగతి చూడండి. 2009 జనవరి 7 న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజుగారు లెక్కల్లో వేలకోట్లు లేనివి ఉన్నట్లు చూపామని లేఖ రాశారు. దేశమంతా ఆ లేఖ చదివింది. అంత బహిరంగంగా ఒప్పుకొన్న తరువాత ఇక విచారణ ఎందుకని అప్పుడు హోటళ్లలో కాఫీ తాగుతూ అనుకొన్నవారు ఎందరో. కాని లేఖలో రాయటం వేరు, అభియోగం చదివి వినిపించినప్పుడు కోర్టులో "నేరం చేశాను" అనటం వేరు. కోర్టులో ముద్దాయిలు అభియోగాలను కాదన్నారు. ఏళ్ల తరబడి సాక్ష్యాలు నడిచినవి. 2015 ఏప్రిల్ 9 న ప్రత్యేక కోర్టు పదిమందినీ దోషులుగా తేల్చి, ఆయనకు ఏడేళ్ల ఖైదు వేసింది. అప్పీలు చేశారు. మే నెలలో పై కోర్టు, అప్పీలు తేలేవరకు శిక్ష నిలిపి జామీను ఇచ్చింది. కోర్టులో కూడా ఒప్పుకొని ఉంటే ఆ అప్పీలులో శిక్ష సంగతి మాత్రమే మాట్లాడుకోవలసి వచ్చేది. కాదన్నందువల్ల నేరం, శిక్ష రెండూ పై కోర్టు ముందుకు వెళ్లగలిగినవి. పేరు మోసిన వకీళ్లు ఉన్నవారికి ఈ తేడా తెలుసు. తెలియనిది మనబోటి వారికే.

కోర్టులు కూడదన్న బేరాన్ని తరువాత చట్టమే కొంత మర్యాదగా లోపలికి తెచ్చింది. 2006 జూలై 5 నుంచి ఏడేళ్లకు మించని శిక్ష గల నేరాల్లో ముద్దాయి తానుగా అర్జీ పెట్టుకొని, బాధితుడితోనూ ప్రభుత్వంతోనూ కూర్చొని ఒక పరిష్కారానికి రావచ్చు. స్త్రీల మీద, పిల్లల మీద చేసిన నేరాలకూ, దేశపు సాంఘిక ఆర్థిక స్థితిని దెబ్బతీసే నేరాలకూ ఇది లేదు. జడ్జీ ముద్దాయిని ఒంటరిగా పిలిచి, నీ అంతట నీవే వచ్చావా అని అడగాలి. తెరచాటు బేరానికీ దీనికీ ఉన్న భేదం ఇదే. తగ్గింపు లెక్క కూడా చట్టంలోనే రాశారు. మూడేళ్ల వరకు పడగల దొంగతనం అనుకోండి. అందులో నాలుగో వంతు, అంటే తొమ్మిది నెలలు వేయవచ్చు. కొత్త సంహిత ప్రకారం మొదటిసారి తప్పు చేసినవాడికి ఆరో వంతు, అంటే ఆరు నెలలు. ఇంత చేసినా ఈ దారిన వెళ్లేవారు మన దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఒక కారణం నాకు ఇట్లా తోస్తుంది: ఈ దారిలో వచ్చిన తీర్పు మీద మామూలు అప్పీలు అసలే లేదు. హైకోర్టులో రిట్టు, సుప్రీం కోర్టు ప్రత్యేక అనుమతి తప్ప మరో గతి లేదు.

ఆ దారి బయట, మామూలు ఒప్పుకోలుకు ఇంత తగ్గింపు అనే పట్టిక మన దేశంలో లేదు. ఇంగ్లండులో ఉన్నది. మొదటి వాయిదాలోనే ఒప్పుకొంటే మూడో వంతు తగ్గుతుంది. విచారణ మొదలయ్యే రోజున ఒప్పుకొంటే పదో వంతే. మన దగ్గర 1999 లో ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి ఇందుకు పూర్తి భిన్నంగా తేలింది. అక్కడ ముద్దాయి హైకోర్టు అప్పీలులో నేర నిర్ణయాన్ని ప్రశ్నించనని చెప్పి, శిక్ష తగ్గించమన్నాడు. హైకోర్టు అప్పటివరకు జైల్లో ఉన్న కాలంతో సరిపెట్టి జరిమానా వేసింది. సుప్రీం కోర్టు దాన్ని కొట్టివేసింది. నేరం ఒప్పుకొన్నాడన్న ఒక్క కారణం మీద శిక్ష తగ్గించకూడదు, కేసు మంచిచెడ్డలు చూసి తేల్చండి అని వెనక్కు పంపింది. అంటే ఒప్పుకోలు పశ్చాత్తాపానికి గుర్తు అయితే, వయస్సు, మొదటి తప్పు, బాధితుడికి ఇచ్చిన పరిహారం, అప్పటికే గడిపిన జైలు వంటి సంగతులతో పాటు త్రాసులో పడవచ్చు. ఒంటరిగా దానికి బరువు లేదు.

సముద్రం దాటిన మన పిల్లల సంగతి కూడా ఒక మాట. అమెరికాలో నూటికి తొంభైకి పైగా ఫెడరల్ నేర నిర్ణయాలు ఒప్పుకోలు మీదనే జరుగుతవి. 2019 జనవరిలో మిచిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. ప్రభుత్వ అధికారులే వలగా పెట్టిన విద్యాలయం అది. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మందిని పట్టుకొన్నారు. అందరూ తెలుగువారేనని అప్పటి పత్రికలు రాసినవి. ఎనిమిది మందీ నేరం ఒప్పుకొన్నారు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు నెలల దాకా శిక్షలు పడినవి. అక్కడి ఒప్పందాల్లో అప్పీలు హక్కు వదులుకొంటున్నానన్న వాక్యం ఒకటి తరచుగా ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ వాక్యం చదవవలసిన అవసరం, ఇక్కడ నోరు విప్పేముందు ఆలోచించవలసిన అవసరం లాంటిదే.

ఇంత పెద్ద కేసులు మన ఇంటి గడపలోకి రావు. వచ్చేవి చిన్నవి. అశోక్ నగర్ గదుల్లో నలుగురేసి కుర్రాళ్లు ఒక గదిలో ఉండి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో బల్ల దొరకటం కోసం తెల్లవారకముందే లేచి, ఉద్యోగ పరీక్షలకు చదువుతుంటారు. వారిలో ఒకడు మా వీధివాడే. రెండేళ్ల కిందట టీ బండి దగ్గర మాటా మాటా పెరిగి తోపులాట జరిగింది. కేసు పెట్టారు. వాయిదాలకు తిరిగితే చదువు పోతుందని, ఎవరో చెప్పగా ఒప్పుకొని జరిమానా కట్టి వచ్చేశాడు. తోసినది వాడు కాదని పక్కనున్న వారందరికీ తెలుసు. మొన్న పోలీసు ఉద్యోగానికి ఎంపికైనాడు. నింపవలసిన కాగితంలో "ఎప్పుడైనా కోర్టు మిమ్మల్ని దోషిగా నిర్ణయించినదా?" అనే గడి దగ్గర కలం ఆగిపోయింది. తల్లి కాగితం తీసుకొని మా ఇంటికి వచ్చింది. "లేదు అని రాస్తే ఎవరికి తెలుస్తుందండీ?" అన్నది. పాపం, అబద్ధం ఆడటం చేతగాని మనిషి ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు గొంతు వణికింది.

తెలుస్తుంది. దాచినట్లు తెలిస్తే అసలు కేసు కంటె దాచటమే పెద్ద తప్పవుతుంది. 2016 లో సుప్రీం కోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ విషయం వివరంగా చెప్పింది. ఉన్నది ఉన్నట్లు రాయాలి. కుర్రతనంలో జరిగిన అల్పమైన సంగతి అయితే ఉద్యోగం ఇచ్చేవారు దాన్ని క్షమించి విడిచిపెట్టవచ్చు. ఇవ్వమని బలవంతం మాత్రం లేదు. ఆ కుర్రవాడు ఉన్నది ఉన్నట్లే రాశాడు. ఉత్తర్వు కోసం ఎదురు చూస్తున్నాడు.

ఇట్లాంటి వారికి పనికివచ్చే చట్టం ఒకటి 1958 నుంచి ఉన్నది గాని దాని పేరు ఎత్తేవారు తక్కువ. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు. మొదటి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, మంచి నడవడికకు పూచీ తీసుకొనో, మందలించో విడిచిపెట్టవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాణ్ణి జైలుకు పంపాలంటే కోర్టు కారణం రాయాలి. ఇందులో 12 వ సెక్షను ప్రకారం, ఈ చట్టం కింద విడిచిపెట్టినవాడికి నేర నిర్ణయంతో చట్టరీత్యా వచ్చే అనర్హత అంటదు. నేర నిర్ణయం చెరిగిపోదు, అది వేరే సంగతి. మన విషయానికి ముఖ్యమైనది 11 వ సెక్షను: కింది కోర్టు ఈ మేలు చేయకపోయినా, అప్పీలులో పై కోర్టు చేయవచ్చు. ఒప్పుకొన్నవాడికి శిక్ష గురించి అడిగే హక్కు ఇంకా మిగిలి ఉన్నదని చెప్పాను గదా. ఆ కొద్దిపాటి సందులోంచి అడగదగినవాటిలో ఇది మేలైనది.

మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్సు కోర్టుకు అప్పీలు గడువు ముప్పై రోజులు. తీర్పు నకలు తీసుకోవటానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. జైలు శిక్ష పడినవాడికి నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. నకలు చేతికి రాగానే చూడవలసినది శిక్ష ఎంత అన్నది కాదు; మనవాడు ఏమన్నాడని రాశారో ఆ వాక్యం. గడువు దాటినా తగిన కారణం చూపితే మన్నించే వీలున్నది. ప్లీడరుకు ఇచ్చుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే వకీలును ఇస్తారు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇస్తారు. కొడుకు కేసుకు మాత్రం అర్జీ కొడుకు పేరుననే పెట్టాలి, తల్లి పేరున కాదు.